ప్రభువుల విందులో ఫోర్కులు

శుక్రవారం పొద్దున్నే కిషన్‌రావు నల్ల సూటు తొడుక్కుని, వంటింట్లో కూర్చుని ఇడ్లీని ఫోర్కుతో పొడుస్తున్నాడు. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో అతని కూతురు ప్రణీత చదివే బడిలో ఆ రోజు ట్యూడర్ డే. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి రాజుల కాలంలో జనం ఎలా బతికారో, పిల్లలు ఆ వేషాలే వేసుకుని ఆ పనులే చేసి తెలుసుకుంటారు. మధ్యాహ్నం తల్లిదండ్రులతో కలిసి ప్రభువుల విందు. ఆ విందు పెత్తనం తొమ్మిదేళ్ళ ప్రణీతది. ఏర్పాట్లన్నీ అచ్చం అప్పటిలాగే ఉన్నాయని ప్రభువు మెచ్చుకుంటే ఆయన పక్క కుర్చీ ఆమెదే. పిల్ల ఎన్నాళ్ళుగానో ఆ కుర్చీనే కలవరిస్తోంది.

తండ్రి బాధ వేరు. కిందటి క్రిస్మస్‌కు ఆఫీసు డిన్నర్లో అతను ఫోర్కు తిరగేసి పట్టుకుంటే, మేనేజరు పీటర్ చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు కిషన్‌రావుకు ఇప్పటికీ గొంతు దిగలేదు. పీటర్ కొడుకు కూడా ప్రణీత క్లాసే. అందుకే కొత్త ఫోర్కుల సెట్టు కొని ఇంటిల్లిపాదికీ తర్ఫీదు ఇస్తున్నాడు.

"గిప్పుడు మామూలోళ్ళే గిన్ని ఫోర్కులతోని తింటున్నరు. గప్పటి రాజులు ఎన్నిటితోని తిన్నరో సోంచాయించు" అన్నాడు భార్యతో.

"ముందుగాల ఆ ఇడ్లీని సంపుడు ఆపు. చేత్తోని తినరాదు?" అంది పుష్పలీల.

"బట్ డాడీ, ట్యూడర్స్ డిడ్‌న్ట్..." అని ప్రణీత అందుకుంది.

"నువ్వు ఊకో బిడ్డా. నాకు తెల్వదా?"

పిల్ల ఈ మాట మొదలెట్టడం, తండ్రి మధ్యలోనే తుంచెయ్యడం ఆ ఇంట్లో కొత్త కాదు. ప్రణీత మూతి ముడుచుకుని బ్యాగు తగిలించుకుంది.

బడికి వెళ్ళాక, కూతురికి వేషం వేయడానికి పుష్పలీల క్లాసుగదిలోకి పోయింది. కిషన్‌రావు తీరుబడిగా హాలు చూడబోయి గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్లల మీద కొయ్య పళ్ళేలున్నాయి, చేతులు కడుక్కునే గిన్నెలున్నాయి. ఫోర్కు ఒక్కటీ లేదు. బిడ్డ పరువు పోతుందనుకున్నాడు. అప్పటిలా నేల మీద పరవడానికి గడ్డి మోపుతో అటుగా పోతున్న టీచరుతో, ఒకటి తక్కువైంది, నేను తెస్తానన్నాడు. ఆమె రొట్టెల బుట్ట గురించి అనుకుని, పోనీలే పుణ్యముంటుందన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది.

కిషన్‌రావు కారులో సూపర్‌మార్కెట్‌కు పరిగెత్తి, వెండిరంగు ప్లాస్టిక్ ఫోర్కులు దొరికినన్ని పట్టుకొచ్చాడు. ప్రతి పళ్ళెం పక్కనా పేర్చాడు. స్టేజీ మీదున్న ప్రభువు బల్లకు మాత్రం దారిలో ఇంటికెళ్ళి తెచ్చిన కొత్త స్టీలు సెట్టు పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

పిల్లలూ తల్లిదండ్రులూ హాల్లో చేరాక బాకా మోగింది. మఖమల్ అంగీలో ప్రభువు దిగాడు. పాతకాలం వేషాలతో బడులన్నీ తిరిగే నటుడాయన, గొంతు గంటలా ఉంటుంది. బల్ల చూడగానే పాతకాలపు ఇంగ్లీషులోనే గర్జించాడు. మన నాటకాల భాషలో చెప్పాలంటే అది ఇదీ:

"ఫోర్కులా! దేవుడిచ్చిన వేళ్ళుండగా ఈ ఇటలీ షోకులు నా విందులోనా? ఓ విందు పెద్దా, దోషిని చూపించు. లేదా నా పక్క కుర్చీ మరచిపో!"

ప్రణీత ఇంటి ఫోర్కుల్ని గుర్తుపట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. కుర్చీ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, తల దించుకుంది. పేరు మాత్రం చెప్పలేదు.

ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థంకాని కిషన్‌రావు, ఫోర్కులు తెచ్చిన మహానుభావుణ్ణి పిలుస్తున్నారనుకున్నాడు. మెడలోని కెమెరా తీసి పక్కనే ఉన్న భార్య చేతిలో పెట్టాడు.

"మంచిగ తియ్యి, సన్మానం చేస్తరట్లున్నది" అని, చెయ్యెత్తి స్టేజీ ఎక్కాడు.

"దోషి దొరికాడు! శిక్ష నువ్వే వెయ్యి" అన్నాడు ప్రభువు ప్రణీతతో.

ప్రణీత కళ్ళు తుడుచుకుంది. తండ్రిని కిందినుంచి పైదాకా చూసింది.

"డాడీ, యు నెవర్ లిజన్" అని, హాలు మూలనున్న బొండకొయ్య చూపించింది. మెడా చేతులూ బిగించి దోషిని నిలబెట్టే చెక్క అది. పిల్లలంతా ఈలలు వేశారు. ప్రణీత వెళ్ళి ప్రభువు పక్క కుర్చీలో కూర్చుంది.

ఫోర్కులన్నీ తీసేశారు. విందు మొదలైంది, తిప్పలూ మొదలయ్యాయి. కోడికూర పులుసు పెద్దల మణికట్లు దాటి మోచేతుల దాకా కారుతోంది. పుష్పలీల మాత్రం ఒంటిచేత్తో రొట్టె తుంచి, పులుసు చుక్క జారకుండా తింటోంది. చుట్టూ జనం మూగారు.

"ఏమేవ్, ఆకలైతున్నదే!" అని కొయ్యలోంచి కేక వినిపించింది.

"ఫోర్కుతోని పెట్టాల్నా?" అంటూ లేచి, భర్త నోటికి ముద్ద అందించింది పుష్పలీల.

అప్పుడే పీటర్ అక్కడికి వచ్చాడు. అతని తెల్లచొక్కా చేతులు మోచేయి దాకా పసుపురంగు తేలాయి. ఇలా ఒలక్కుండా తినడం తనకూ నేర్పమని పుష్పలీలను బతిమాలాడు.

బొండకొయ్యలో ముద్ద నములుతున్న కిషన్‌రావు, క్రిస్మస్ నుంచి దాచుకున్న నవ్వును చిన్నగా నవ్వేశాడు.

ఆ స్టీలు ఫోర్కులు వృథా కాలేదు. పుష్పలీల ఇప్పుడు వాటితో కొత్తిమీర మడి గుల్ల చేస్తోంది.