దారం ఒప్పుకోని పిక్క

బస్తరు సంస్థానంలో మనిషి కాలికి పిక్క ఉందా లేదా అన్నది ఆ కాలి సొంత వ్యవహారం కాదు. అది తేల్చడానికి కోంటాలో పిక్కల పరిశోధన కచేరీ ఉండేది. (మెదళ్లకు అలాంటి కచేరీ లేదు. అవసరం ఎవరికీ తోచలేదు.) అధికారి దశరథరామయ్య. కండ ఎలా క్షీణిస్తుందో, ఎలా కోలుకుంటుందో పదేళ్లుగా కుర్చీలోంచి లేవకుండా పరిశోధిస్తున్నవాడు.

ఎర్రబోరు ఊరి కేసా తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఎముక అతుక్కుంది గాని పిక్క ఎండిపోయింది. ఇంటికొకరు దొరల సామాను కూలి లేకుండా మోయాలన్న బెగారీ మాత్రం ఎండలేదు. అతని బదులు భార్య దేవే మోస్తోంది. ఆమెకు ఏడో నెల. మగడి పిక్క బాగుపడిందని కచేరీ చీటీ ఇస్తేనే బెగారీ జాబితాలో ఆమె పేరు కొట్టేస్తారు.

చుట్టాలు కేసాను మంచం మీద మోసుకెళ్లారు. దశరథరామయ్య బాగున్న కాలి పిక్కను దారంతో కొలిచి, అరంగుళానికొకటి చొప్పున ఇరవై ఎనిమిది ముళ్లు వేసి, రెండో పిక్క చివరి ముడికి అందాక దారం తెచ్చి చూపమన్నాడు.

కేసా వాళ్లలో పెళ్లికి పిలుపు ముళ్ల దారంగానే వస్తుంది. రోజుకో ముడి విప్పుతారు, ముళ్లు అయిపోయిన పొద్దున బయల్దేరతారు. కేసా అలాగే చేశాడు. రోజుకో ముడి విప్పుతూ, ఎండిన కాలితోనే దంపుడు రోకలి తొక్కాడు. ఇరవై ఎనిమిది రోజులకు పిక్క గట్టిపడింది. ఆరు కోసులు నడిచి కచేరీకి వచ్చాడు. ఆ రోజు మోత వంతు ఉన్న దేవే వెంట వచ్చింది.

అధికారి దారం అందుకున్నాడు. ఒక్క ముడీ లేదు. ముళ్ల లెక్కే కొలత అన్న తొమ్మిదో నిబంధన ప్రకారం పిక్క సున్నా.

"మీ దారం రమ్మన్నది, నడిచి వచ్చిన దొరా. ఏంది, పిక్క కనబడ్తలేదా?" అన్నాడు కేసా.

"కనబడుతోంది. దారం ఒప్పుకోవడం లేదు."

కథ చెబుతున్న నాకిక్కడ ఒళ్లు మండుతోంది. (ఒళ్లు మండినవారికి కచేరీలో ఫారం లేదు.)

నివేదికల పెట్టె ఆ రోజే సుక్మాలోని పై కచేరీకి పోవాలి. ఎర్రబోరు దాకా మోత దేవేది. "నేను మోస్త దొరా. దాన్ని ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు కేసా. పిక్క లేనివాడిచేత మోయిస్తే నేరమని దశరథరామయ్య దయగా వివరించాడు.

పెట్టె దేవే తలకెక్కింది. కేసా నడవలేడన్న నివేదిక అందులోనే ఉంది. వెంట వెళ్లే బంట్రోతుకు దారి కొత్త కాబట్టి, ముందు నడిచి చూపించమని కేసాకు హుకుం అయింది.