‘రేపు రండి’ టైలరు, నాలుగు గౌన్లు

ఆ టైలరుకి వీధి మొత్తం కలిసి పెట్టిన పేరు ‘రేపు రండి’. ఎవరెప్పుడు అడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ మాటే. ప్యాంటు చేతికందేలోపు ఒళ్లు చేసి, మళ్లీ కొలతలిచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అంతటి మనిషికీ ఒక్క విషయంలో మాత్రం తొందర పుట్టుకొచ్చింది. ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల తన బ్యాగు ఖాళీ చెయ్యాలి.

కన్నవాళ్లు చూసుకోలేని స్థితిలో ఉంటే, పిల్లల్ని కొన్నాళ్లు పెంచమని శిశు సంక్షేమ ఆఫీసువాళ్లు ఇలా వేరే ఇళ్లకు అప్పగిస్తారు. పిల్లల్లేని మొగుడూపెళ్లాలిద్దరూ సంబరపడిపోయి బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టారు. నెల గడిచినా ఆ అర ఖాళీగానే ఉంది. పిల్ల బ్యాగేమో సర్దింది సర్దినట్టే గుమ్మం పక్కన ఉంది. ఒక గౌను తీస్తుంది, అది ఉతికి ఆరగానే మడతపెట్టి మళ్లీ అందులోనే పెట్టి జిప్పు వేసేస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా టైలరుకి ప్రాణం ఉసూరుమనేది.

“ఇది తన ఇల్లని అనుకోవడం లేదే పిల్ల.”

“నెలకే అనుకుంటుందా? పెళ్లయిన ఏడాది దాకా నేనే అనుకోలేదు,” అంది భార్య. ఆవిడ బస్సు కండక్టరు. ఇంట్లో కూడా ఎవరెక్కడ నిలబడాలో ఆవిడే చెబుతుంది. “మీరు మాత్రం ఆ బ్యాగు జోలికి వెళ్లకండి.”

వెళ్లకండి అన్నాక ఆగితే ఇంక మొగుడెందుకు? పిల్ల అటు స్నానానికి వెళ్లగానే ఆయన ఇటు బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, పటకారుతో జిప్పు లాగే రన్నర్ ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“అయ్యయ్యో, జిప్పు పాడైందమ్మా! బాగుచేసి తెస్తాను. అంతదాకా బట్టలు బీరువాలో పెట్టుకో.”

“ఎప్పటికిస్తావ్ మామయ్యా?”

“రేపు.”

పిల్ల ఆయన్ని తేరిపార చూసింది. బడి అయ్యాక రోజూ కూర్చునేది ఆయన షాపులోనే మరి.

మర్నాడు పొద్దున టిఫిను దగ్గరికి ఒక బంతి నడుచుకుంటూ వచ్చింది. పిల్ల ఉన్న నాలుగు గౌన్లూ బడి యూనిఫాం పైనుంచి ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. చేతులు కిందికి దిగడం లేదు, మనిషి కుర్చీలో పట్టడం లేదు. టైలరు పగలబడి నవ్వాడు. భార్య నవ్వలేదు.

“ఇదేంటి తల్లీ?”

“ఇంతకుముందు ఉన్న ఇంట్లో, బడి నుంచి వచ్చేసరికే ఆఫీసు జీపు వచ్చేసుందత్తయ్యా. నా బట్టలింకా తీగ మీద తడిగా ఉన్నాయి. అక్కడే ఉండిపోయాయి. వాటిలో పచ్చ గౌను మా అమ్మ కొన్నది.”

టైలరు నవ్వడం ఆపేశాడు. టికెట్ లేని ప్రయాణికుడి ముందు నిలబడ్డట్టు భార్య ఆయన ముందు నిలబడి చెయ్యి చాపింది. “జేబులోది బయటికి తియ్యండి.”

తీశాడు. నిన్నింకెక్కడికీ పంపం తల్లీ అందామని నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట ఆఫీసువాళ్లు చెప్పాల్సింది, తను ఇవ్వగలిగింది కాదు. కిందనే చతికిలబడి రన్నర్ ఎక్కించాడు. ఒప్పుకున్న రోజుకే పని పూర్తి చెయ్యడం ఆయనకదే మొదటిసారి.

“జిప్పు నేనే ఊడబీకాను. తప్పైపోయిందమ్మా.”

“తెలుసు. నువ్వు వంగినప్పుడు జేబులో కనబడింది.”

పిల్ల గౌన్లు ఒక్కొక్కటే విప్పి, మూడు బ్యాగులో సర్ది జిప్పు వేసింది. మళ్లీ తీసుకెళ్లి గుమ్మం పక్కనే పెట్టింది. అంతా మొదటికొచ్చిందనుకుని టైలరు తలదించుకున్నాడు.

“మామయ్యా, ఈ నాలుగోది పొట్టైపోయింది. అంచు విప్పి పొడుగు చెయ్యవా?”

“ఇటివ్వు, ఇప్పుడే చేసి...”

“వద్దు వద్దు! మిగతావాళ్లకి ఇచ్చినట్టే ఇవ్వు.” పిల్ల ఆ గౌనును బీరువాలో ఖాళీ అరలో పెట్టి తలుపు దగ్గరగా వేసింది. “అది అయ్యేదాకా నేను వెళ్లడం కుదరదుగా.”



“అడిగింది కదండీ,” అంది భార్య, ముక్కు ఎగబీలుస్తూ. “ఎప్పటికిస్తారో చెప్పండి.”

టైలరు కళ్లు తుడుచుకున్నాడు.

“రేపు,” అన్నాడు.