నూట మూడు దగ్గర లంగరేసిన కెప్టెన్

కెప్టెన్ ఫహ్మీ వరసగా ఆరో శుక్రవారం తూకం యంత్రం ఎక్కాడు. ముల్లు వణికింది, ఊగింది, నూట రెండు వైపు ఒకసారి ఆశగా చూసింది, చివరికి నూట మూడు దగ్గరే లంగరు వేసింది.

చేతి గడియారం విప్పి పక్కన పెట్టి చూశాడు. నూట మూడు. కళ్ళజోడు కూడా తీసి చూశాడు. అంకె కనపడలేదు. కొంత ఊరటగా అనిపించింది.

"నూట మూడు," అంది వెనక నుంచి ఇన్సాఫ్. ఆవిడకి కళ్ళజోడు అక్కర్లేదు.

ఇన్సాఫ్ అంటే న్యాయం. ఇరవయ్యారేళ్ళ కాపురంలో తీర్పులన్నీ ఆవిడవే. పైకోర్టు లేదు.

పోర్ట్ సయీద్ నుంచి ఓడలు పోయే కాలువ అవతలి పోర్ట్ ఫువాద్‌కు జనాన్నీ కార్లనూ దాటించే ఫెర్రీకి ఫహ్మీ కెప్టెన్. ఆయన వెనక అందరూ 'కెప్టెన్ బర్మీల్' అంటారు. బర్మీల్ అంటే పీపా. కొందరు ముందరే అంటారు. చుక్కాని గదికి వెళ్ళే ఇనుప నిచ్చెన బాగా ఇరుకు. ఆర్నెల్ల కిందట ఆయన అందులో ఇరుక్కుపోతే ఫెర్రీ పావుగంట కదల్లేదు. అప్పుడే పైవాళ్ళు గడువు పెట్టారు. ఈ నెలాఖరు వైద్య పరీక్షలో వంద కిలోల లోపుంటే చుక్కాని, లేదంటే ఒడ్డున తాళ్ళ గోదాం.

ఇరవై రెండేళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషి. ఆయనకి ఆ తాళ్ళన్నీ ఉరితాళ్ళలాగే కనపడ్డాయి.

పప్పు చారు తాగి, కీరకాయలు నమిలి, నూట పద్దెనిమిది నుంచి నూట మూడుకు దిగాడు. అక్కడితో ముల్లు మొండికేసింది. ఎంత కడుపు మాడ్చుకున్నా చలించలేదు.

ఇంజను గదిలో పనిచేసే ముసలి అత్తియా దీనికి కారణం చెప్పాడు. "ఆకలికి ఒళ్ళు బెదిరిపోయి కొవ్వు కొట్టు తలుపు మూసేసుకుంటుంది కెప్టెన్. వారానికొక రోజు పుష్కలంగా తినిపించి దాన్ని ఆశ్చర్యపరచాలి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

అత్తియా ఈనుపుల్లలా ఉంటాడు. బక్కవాడు చెప్పాడంటే శాస్త్రమే అయి ఉంటుందనుకున్నాడు ఫహ్మీ. నిజానికి ఆయన చెవికెక్కింది ఒక్క మాటే. పుష్కలంగా.

ఇంటికొచ్చి మెల్లగా మొదలుపెట్టాడు.

"ఇన్సాఫ్, నా ఒళ్ళు బెదిరిపోయి ఉంది."

"ఎవర్ని చూసి?"

"ఆకలిని చూసి. దాన్ని కాస్త ఓదార్చాలి."

"ఏం పెట్టి ఓదార్చాలంటారు?"

"బాతు," అన్నాడు ఫహ్మీ. మరీ తడుముకోకుండా అన్నాడు. "దాంతో పాటు బియ్యం కూరిన క్యాబేజీ చుట్టలు. మందు కిందే అనుకో. వారానికి ఒక్క శుక్రవారం."

చీపురో గరిటో లేస్తుందని ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఇన్సాఫ్ మాత్రం గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచించింది.

"సరే," అంది.

అంత తేలిగ్గా తీర్పు వస్తే ఎవరైనా జడుసుకోవాలి. ఫహ్మీ మురిసిపోయాడు.

"కానీ ఒళ్ళు ఆశ్చర్యపడాలి కదా. నా వంట దానికి ఇరవయ్యారేళ్ళ అలవాటు. చూడగానే గుర్తుపట్టేస్తుంది. కాబట్టి మీరే వండాలి."

"నేనా?"

"సరుకు కూడా మీరే తేవాలి. నడిచి. బండెక్కి తెస్తే ఒళ్ళు పసిగట్టేస్తుంది."

వాదించడానికి ఫహ్మీ దగ్గర శాస్త్రం మిగల్లేదు. ఉన్నదంతా ఆవిడే వాడేసింది.

బాతు పోర్ట్ ఫువాద్ సంతలోనే కొనాలని షరతు. మొదటి శుక్రవారం పొద్దున్నే కాలువ దాటాడు. తిరిగొచ్చేటప్పుడు బతికున్న బాతును చంకలో పెట్టుకుని, తన ఫెర్రీనే ప్రయాణికుడిలా ఎక్కాడు. కాలువ మధ్యకొచ్చేసరికి బాతు చంకలోంచి జారి రెండు కార్ల మధ్యకు దూరింది.

అది ముందు, కెప్టెన్ వెనక. మూడు చుట్లు తిరిగారు. కార్లవాళ్ళు అద్దాలు దించి బాతు ఎటు పోయిందో చెబుతున్నారు. తలా ఒక దిక్కు చెబుతున్నారు.

"ఎడమకి, కెప్టెన్ బర్మీల్, ఎడమకి," అని పైనుంచి అరిచాడు ఆ పూట చుక్కాని పట్టిన కెప్టెన్. అరిచి హారన్ కూడా కొట్టాడు. ఆ మోతకి బాతు బిత్తరపోయి ఆగింది. ఫహ్మీ దాని మీద పడ్డాడు. ఫెర్రీ ఒరిగిందని తర్వాత కొందరు అన్నారు గానీ, అది గిట్టనివాళ్ళ మాట.

ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు ఆగిపోయి రెండేళ్ళు. బాతుతో పైకొచ్చి గడపలో కూలబడ్డాడు.

"సోయికూర ఏది?" అంది ఇన్సాఫ్.

దిగి, తెచ్చి, ఎక్కాడు.

"నిమ్మకాయలు?"

"ఒకేసారి చెప్పకూడదూ?"

"నాకేం తెలుసు, వంట మీది కదా. నేను చూసి గుర్తుచేస్తున్నానంతే."

మామూలుగా అయితే బుట్టకి తాడు కట్టి బాల్కనీలోంచి దించితే కొట్టువాడే సరుకు వేసి పంపేవాడు. ఆ బుట్టలో ఇన్సాఫ్ ఆ వారమే పుదీనా నాటింది.

తర్వాత నిలబడి నూట ఇరవై చుట్టలు చుట్టాడు. మొదటివి విప్పుకుని పారిపోయాయి. ఎనభయ్యోది దాటాక చెయ్యి కుదిరింది. బాతు కాలి, చుట్టలు ఉడికి, ఇల్లంతా ఘుమఘుమలాడే వేళకి తలుపు చప్పుడైంది. ఇన్సాఫ్ అక్క కరీమా, ఆవిడ భర్త, నలుగురు పిల్లలు.

"వీళ్ళెందుకు?" అన్నాడు గుసగుసగా.

"వాళ్ళ ఒళ్ళు కూడా ఆశ్చర్యపడనివ్వండి. మీరు వంట చేశారని చెబితే నమ్మలేదు, చూడ్డానికొచ్చారు."

పళ్ళెం బల్లంతా తిరిగి ఫహ్మీ దగ్గరికి వచ్చేసరికి ఒక రెక్కా, ఏడు చుట్టలూ మిగిలాయి. అవి కూడా పూర్తిగా తినలేదు. నాలుగో చుట్ట చేతిలో ఉండగానే కుర్చీలో నిద్రపోయాడు.

మరుసటి శుక్రవారం ముల్లు ఊగి ఊగి నూట ఒకటిన్నర దగ్గర నిలబడింది.

"చూశావా," అన్నాడు ఫహ్మీ. "తలుపు తెరుచుకుంది."

"మీ తెలివికి తిరుగులేదు," అంది ఇన్సాఫ్.

ఇక ఆయన్ని పట్టేవాడు లేడు. రెండో శుక్రవారం చేపల పులావు. చేప తాజాగా ఉందో లేదో చూసుకోవాలని ఇన్సాఫ్ చెప్పడంతో మంగళవారం నుంచే రేవు వెంట నడిచి వాకబు చేశాడు. మూడో శుక్రవారం పొరల పొరల ఫితీర్ రొట్టె. మైదా ముద్దని చలువరాతి మీద బాది, సాగదీసి, గాల్లో తిప్పుతుంటే కింది అంతస్తువాళ్ళు భూకంపమనుకుని మెట్లు దిగారు. సంగతి తెలిశాక మెట్లెక్కి వచ్చారు, పళ్ళాలతో సహా. మిగతా ఆరు రోజులూ పప్పు చారే.

నెలాఖరున వైద్యుడు తూకం చూసి, కాగితం చూసి, మళ్ళీ తూకం చూశాడు. "తొంభై ఎనిమిదిన్నర."

ఫహ్మీ అక్కణ్ణుంచి సరాసరి ఫెర్రీకి నడిచాడు. నిచ్చెన కింద సిబ్బందంతా మూగారు. ఇరుకు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కింద అత్తియా కళ్ళు మూసుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి ఇనుముకి రాసుకుంది, అంతే. పైకి వెళ్ళిపోయాడు. చుక్కాని పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, హారన్ ఒక నిమిషం పాటు మోగించాడు. కాలువలో పోతున్న పెద్ద ఓడ ఒకటి బదులు కూసింది. అది తనకేనని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.

తర్వాతి శుక్రవారం, గెలిచాం కాబట్టి విందు నేనే చేస్తానంది ఇన్సాఫ్. కరీమా కుటుంబం మళ్ళీ దిగింది. ఫహ్మీ ఒక చుట్ట తీసుకుని కొరికాడు. ఆగాడు.

"వదులుగా చుట్టావు."

"అవునా?"

"బియ్యం బయటికొస్తోంది చూడు. సోయికూర కూడా తక్కువ. ఇది ఎక్కడ కొన్నావు, కింద కొట్లోనా? అయ్యో ఇన్సాఫ్. లే, పక్కకి జరుగు."

చొక్కా చేతులు పైకి మడిచి వంటింట్లోకి వెళ్ళాడు. రెండో వాయి చుట్టలు సగం అయ్యాక తలెత్తి చూస్తే, ఇన్సాఫ్ బాల్కనీలో అక్క పక్కన కూర్చుని, కాళ్ళు ముక్కాలిపీట మీద పెట్టుకుని టీ తాగుతోంది. పెళ్ళయ్యాక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ కూర్చుని ఉండగా ఆయన చూడటం ఈ నెల రోజుల్లోనే. అది కూడా ఇప్పుడే గమనించాడు.

"ఇన్సాఫ్, నిజం చెప్పు. ఇదంతా నా బరువు కోసమేనా?"

"మీ బరువు కోసమే," అంది ఆవిడ చల్లగా. "ఇరవయ్యారేళ్ళుగా పొయ్యి దగ్గరే ఆగిపోయిన ముల్లు ఇంకోటుంది. పనిలో పనిగా అది కూడా కదిలింది."

కరీమా టీ పొలమారి దగ్గింది. ఫహ్మీ పొయ్యి వైపు తిరిగాడు. చుట్టలుడికే పులుసులో గరిటె ముంచి, ఊది చల్లార్చి, ఉప్పు సరిపోయిందో లేదో చూడమని బాల్కనీకి తీసుకెళ్ళాడు.