అనుమతి కోసం ఆగిన ఆక్సిజన్

రొయ్యలు చచ్చినా ఫరవాలేదు గానీ మర్యాద చావకూడదని భీమవరం పక్కన ఒక రొయ్య రైతుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. గోదావరి జిల్లాల వాళ్ళం, ఇంకోలా ఎలా తీర్మానిస్తాం లెండి.

ఆ సంఘంలో కంప్యూటరు పని చూసే అమ్మాయి పావని. ఆ కంప్యూటర్లో రెండు ప్రోగ్రాములున్నాయి. మొదటిది చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది. తగ్గితే, నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పమంటారా అండి అని రెండోదాన్ని అడుగుతుంది. రెండోది ఆ ప్రశ్నను అధ్యక్షులు సూర్యనారాయణరాజు గారి ఫోనుకు పంపుతుంది. ఆయన 'సరే' అని నొక్కేదాకా మొదటిది చేతులు కట్టుకుని నిలబడుతుంది. కొంప మునిగినా పక్క చెరువు వంక కన్నెత్తి చూడదు. మనుషుల్లోనే కరువైన వినయం యంత్రంలో కనిపించిందని సంఘం వారు మురిసిపోయారు. ఎవరికి వారు ఏరేటరు స్విచ్చి వేసుకోవడం క్రమశిక్షణకు భంగం కనుక బోర్డులన్నిటికీ తాళాలు వేశారు. తాళంచెవులు రాజుగారి దగ్గర క్షేమంగా ఉన్నాయి.

పావనికి మాత్రం ఇది ప్రమాదమనిపించింది. అడగడం అడుగుదాం, జవాబు వచ్చేలోగా ఏరేటర్లు తిప్పి మిగతా చెరువులు చూసుకుందాం, వచ్చినప్పుడు జవాబు అందుకుందాం అని సర్వసభ్య సమావేశంలో విన్నవించింది. రాజుగారు మైకు సవరించుకున్నారు.

"పెద్దవాళ్ళని ఒక మాట అడిగి, వాళ్ళు నోరు తెరిచేలోగా మన దారిన మనం పోతామా అండి? మన వైపు ఆ పద్ధతి లేదండి. నిలబడాలి. నిలబడి వినాలి. అదేనండి సంస్కారం."

చప్పట్లు మోగాయి. పావని కూడా కొట్టింది. ఉద్యోగం కావాలి కదా మరి.

మబ్బు పట్టి, గాలి స్తంభించిన ఒక మధ్యాహ్నం రూతు అనే రైతు కౌలు చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. రూతుకు ఉన్నది ఆ ఒక్క చెరువే. పెరిగిన రొయ్యల పట్టుబడికి వలవాళ్ళకు కబురు కూడా పెట్టుకుంది. ప్రోగ్రాము పద్ధతి ప్రకారం అనుమతి అడిగింది. రాజుగారు పండుగప్ప చేప పులుసుతో భోంచేసి నడుం వాల్చి ఉన్నారు. ప్రోగ్రాము నిలబడింది. రొయ్యలకు సంస్కారం నేర్పినవాళ్ళు లేరు కాబట్టి అవి ఆగలేక ఊపిరి కోసం పైకి రాసాగాయి.

"పావని గారండీ, రొయ్యలు తేలిపోతున్నాయండి. ఏదో ఒకటి చెయ్యండి," అని రూతు ఫోనులో ఏడ్చింది.

పావని రాజుగారింటికి ఫోను చేసింది. ఆయన్ని నిద్ర లేపే ఆచారం తమ ఇంట్లో లేదన్నారు. ఏం చెయ్యాలో తెలిసి కూడా పావని కాసేపు భయపడుతూ కూర్చుంది. ఆ కాసేపట్లో కొన్ని రొయ్యలు పోయాయి. చివరికి తెగించి, అడిగాక ఆగనక్కర్లేదని ప్రోగ్రాము మార్చేసింది. ఏరేటర్లు తిరిగాయి. సగం చెరువు బతికింది.

వెంటనే విచారణ కమిటీ వేశారు. సగం రొయ్యలు ఎందుకు చచ్చాయన్నది దాని పరిధిలోకి రాదు. మిగతా సగం ఎవరి అనుమతితో బతికాయన్నదే విచారణాంశం. పావని కొత్త ఏర్పాటు వివరించింది. అనుమతి ఎప్పటిలాగే కోరతాం, తమరు తీరిగ్గా ఎప్పుడు నొక్కినా చాలునండి అంది. రాజుగారు అక్కడే నొక్కి చూశారు. 'తమరి దయవల్ల ఏరేటర్లు తిరుగుతున్నవి' అని ఫోనుకు వచ్చింది. ఆయన కళ్ళు చెమర్చాయి. పావనికి శాలువా కప్పారు.

ఆ పద్ధతి రాజుగారికి ఎంత నచ్చిందంటే, దాన్ని మనుషులకు కూడా వర్తింపజేశారు. పోయిన రొయ్యలకు పరిహారం అడగడానికి వచ్చిన రూతుతోనే ప్రారంభోత్సవం.

"నీ అర్జీ అందిందమ్మా. ఇలా నిలబడనక్కర్లేదు, పోయి నీ పని చూసుకో. జవాబు వచ్చినప్పుడు వస్తుంది."

"నాకు మిగిలిన పని ఇదొక్కటేనండి," అంది రూతు.

అప్పటినుంచి రోజూ వచ్చి సంఘం వరండాలో నిలబడుతోంది. శాలువా కప్పించుకున్న పావని ఇప్పుడు పెరటి గుమ్మం గుండా ఆఫీసుకు వస్తోంది.

మీరెప్పుడైనా అటు వెళితే వరండాలో రూతు కనబడుతుంది. ఏమ్మా, ఎందుకు నిలబడ్డావని మాత్రం అడగకండి. అడిగితే జవాబు చెప్పేదాకా మీరూ నిలబడాల్సి వస్తుంది. మీకు అవతల బోలెడు పనులున్నాయాయె.