వేడి ప్రొటీన్ల మీద సంఘ తీర్మానాలు

1997 మే నెలలో, సూరత్ సలాబత్‌పురాలోని మన తెలంగాణ నేత కార్మికుల సంఘం హెచ్‌ఐవిని మూడు తీర్మానాలతో ఓడించింది. వైద్యలోకం ఈ సంగతిని ఇంకా గుర్తించలేదు.

సూరత్ పక్కనున్న సచిన్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే బిక్షపతికి రక్తపరీక్షలో ఆ జబ్బు బయటపడింది. కాగితం కన్నా ముందే కబురు అతనుండే గదికి చేరింది. ఎల్లవ్వ నడిపే సంఘం మెస్సులో అతని పల్లెం భోజనాల బంతిలోంచి గుమ్మానికి, గుమ్మంలోంచి మెట్ల మీదికి జరిగింది. దాని వెంట బిక్షపతీ జరిగాడు. పన్నెండు గంటల సాంచెల మోత తర్వాత మనిషి మాట వినబడేది ఆ బంతిలోనే. మళ్లీ అందులో కూర్చుంటే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

సంఘాధ్యక్షులు లక్ష్మీరాజం గారు విశాల హృదయంతో డాక్టర్ ఉమాకాంత్‌ను పిలిపించారు. డాక్టరు బాగా చదువుకున్నవాడు. అందుకని కలిసి తింటే ఈ జబ్బు రాదన్న సంగతి ఒక్క ముక్కలో ముగించి, నలభై నిమిషాలు వేడి ప్రొటీన్ల గురించి చెప్పాడు. వేడి తగిలితే కణంలో ఇవి పెరుగుతాయట. చెదిరిన తోటి ప్రొటీన్లను పట్టుకుని సరిచేస్తాయట. లోపల దూరిన వైరస్ కూడా వీటిచేత తన పని చేయించుకుంటుందట. ఎక్కడ సాయమో ఎక్కడ అడ్డమో ఇంకా పూర్తిగా తేలలేదట.

అధ్యక్షులవారికి వెంటనే తేలిపోయింది. "వేడిల ఉంటే రక్షణ పుడ్తది. మన షెడ్ల కన్న వేడి జాగ దునియల ఏడుంది? సేఠ్లు ఇన్నేండ్ల సంది మనకు మందు పోస్తున్రు, మనకే ఎర్కలేదు" అన్నారు.

మొదటి తీర్మానం ప్రకారం షెడ్లలో ఫ్యాన్లు తీసేశారు. గాలికి దారం తెగుతుందని ఏళ్లుగా మొత్తుకుంటున్న షెడ్ల యజమానులు, ఆ సేఠ్లు, తమలోని వైద్యులను గుర్తించినందుకు కరిగిపోయి, ఆయనకు ఉన్ని శాలువా కప్పారు. మే నెలంతా ఆయన దాన్ని విప్పలేదు.

వారంలో నలుగురు వడదెబ్బకు పడిపోయారు. వైరస్ కూడా ఆ ప్రొటీన్లనే వాడుకుంటుందన్న మాట అప్పుడు సంఘం కార్యదర్శి రాంప్రసాద్‌కు గుర్తొచ్చింది. రెండో తీర్మానం ప్రకారం పక్క ఊరు కామ్‌రేజ్ నుంచి ఐసు దిమ్మలు వచ్చాయి. కార్మికులు వంతులవారీగా వాటి మీద కూర్చుని, వంతులవారీగా తుమ్మారు. మూడో తీర్మానం పొద్దున వేడినీ సాయంత్రం చలువనీ ఆమోదించింది.

"కలిసి తింటే రాదని సార్ చెప్పిండు గద, పెదనాయినా?" అని అడిగాడు బిక్షపతి.

"అది ఎజెండల లేదు బిడ్డా" అన్నారు అధ్యక్షులు ప్రేమగా.

డాక్టరు ఉపన్యాసమంతా ఎల్లవ్వ బియ్యం ఏరుతూ విన్నది. ఆ పూట మెట్ల మీది పల్లెం తెచ్చి బంతి మధ్యలో పెట్టింది. "సార్ చెప్పిన దాంట్ల నాకు గదొక్కటే సమజైంది. కూసో బిడ్డా" అని, తన పల్లెంతో పక్కనే కూర్చుంది. బిక్షపతికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నం కలుపుకున్నాడు.

మిగతా నలభైమందీ క్రమశిక్షణతో లేచి, పల్లేలు పట్టుకుని మెట్ల మీదికి వెళ్లారు. అక్కడ ఇరుకైంది. తోసుకున్నారు, ఒకరి ఎంగిలి ఒకరి మీద పోసుకున్నారు, అయినా సంఘం చీలలేదు.

దెబ్బ తగిలితే సాయానికి పరుగెత్తే ప్రొటీన్లు ఒక్క కణంలోనే లెక్కలేనన్ని ఉంటాయన్నాడు డాక్టరు. సంఘంలో ఒకటి కనిపించింది, అదీ వంటింట్లో. ఇది చదువుతున్న మీరైతే తప్పకుండా ఆ బంతిలో కూర్చునేవారే. చోటు బోలెడుంది, పప్పుచారు ఇంకా వేడిగానే ఉంది, రండి.