లేస్తే ఆగే బండి

మొహిద్దీన్ బాషాకు ఆ రోజు మీద పూర్తి నమ్మకం ఉంది. పళ్ళు తోముకుంటూనే సాయంత్రం దాకా ఏమేం జరగాలో ఖరారు చేసేశాడు. టిఫిను తిని, గుంటూరు యార్డు రోడ్డులో ఉన్న పిచ్చయ్య గారి ఫంక్షన్ హాలుకు వెళ్ళాలి. మద్రాసు నుంచి రాత్రి లారీలో దిగిన బండి ఎక్కాలి. మధ్యాహ్నం నమాజు వేళకి హాలు నేలంతా గీకి పారెయ్యాలి. సాయంత్రం పిచ్చయ్య గారు భుజం తట్టి, "చీరాల హాలు పని కూడా నీదేనయ్యా" అనాలి. ఇందులో తేడా రావడానికి ఎక్కడా సందు కనపడలేదు.

ఆ హాలు ఒకప్పుడు మిరపకాయల గోడౌను. పెళ్ళిళ్ళకు ఇస్తే లాభమని పిచ్చయ్య గారు దాన్ని హాలు చేసినప్పుడు, గరుకు గచ్చు మీద ఎర్రటి రబ్బరు షీటు పరిపించి జిగురుతో అంటించారు. అంటించినవాడెవడో గాని ప్రళయం వచ్చినా ఊడకూడదనే అంటించాడు. ఇన్నేళ్ళ పెళ్ళి భోజనాల సాంబారంతా తాగి అదిప్పుడు నల్లబడింది, అక్కడక్కడా చిరిగి అతిథుల కాళ్ళకు తగులుతోంది. దాన్ని తీసి టైల్సు వేసే పని బాషా ఒప్పుకున్నాడు. అతని మనుషులు గడ్డపలుగులతో పొడిచి పొడిచి చేతులు బొబ్బలెక్కించుకున్నారు గాని, గోరంత ముక్కలు తప్ప ఊడి రాలేదు.

పిచ్చయ్య గారికి ఓపిక నశించింది. "శనివారం సాయంత్రానికి నా గచ్చు నా కళ్ళకి కనపడాలి బాషా. లేదంటే ఇదీ, చీరాలదీ కలిపి తాడేపల్లి మేస్త్రీకి ఇచ్చేస్తా" అన్నారు. ఆ రెండు పనులూ పోతే బాషా మళ్ళీ ప్రత్తిపాడు పోయి, పాత ఆసామి పత్తి చేలో పాత ట్రాక్టరే తోలుకోవాలి. ఆ ట్రాక్టరు దిగి నాలుగు గోడల మధ్య నీడపట్టున బతకడానికి అతను పడ్డ పాట్లు అతనికే తెలుసు. అందుకే ఎవరో చెబితే విని, మనిషి ఎక్కి కూర్చుని తోలే గీకుడు బండిని మద్రాసు నుంచి అద్దెకు తెప్పించాడు. ఆ శనివారం ఇదే.

"ప్యాంటు వేసుకెళ్ళండి" అంది నసీమున్నీసా, ఇస్త్రీ చేసిన ప్యాంటు మంచం మీద పెట్టి. "అదేదో మిషనంటున్నారు. లుంగీలో ఏం బాగుంటుంది?"

"ఇరవై ఏళ్ళు ట్రాక్టరు తోలింది లుంగీలోనే కదే! స్టీరింగున్న ప్రతి బండీ నాకు చుట్టమే" అన్నాడు బాషా. శుభమా అని కొత్త బండి ఎక్కుతున్నాడు కాబట్టి, పండక్కి కొన్న పచ్చ గళ్ళ లుంగీ తీసి కట్టాడు.

తీరా వెళ్ళి చూస్తే ఆ బండికి స్టీరింగు లేదు.

పొట్టి ట్రాక్టరులాగా ఉందది. ముందు వెడల్పాటి ఉలిలాంటి బ్లేడు, వెనక ఒక్క సీటు, సీటుకు అటొకటి ఇటొకటి రెండు లివర్లు. అంతే. దాని పక్కన నీలం బట్టలు తొడుక్కుని, కళ్ళకు బిగుతుగా పట్టే అద్దాలు పెట్టుకుని ఒకతను నిలబడ్డాడు. బండితోపాటు వచ్చిన మెకానిక్కు సెల్వం. అతనికి తెలుగు వచ్చు గాని, తొందరలో ఉంటే రాదు.

"రెండు లివర్లూ ముందుకి తోస్తే ముందుకి పోతుంది సార్" అని మొదలుపెట్టాడు సెల్వం. "ఒకటే తోస్తే తిరుగుతుంది. కుడి పక్కన తాళం. ఇంక నియమాలు. ఒకటి, సీటులో ఒక్కరే. రెండు, బ్లేడు ఆడేటప్పుడు దగ్గరికి ఎవరూ రాకూడదు. మూడు, కళ్ళకి అద్దాలు. నాలుగు, సీటు మీద బరువుంటేనే బండి నడుస్తుంది. ఏదైనా అయితే లేచి నిలబడండి సార్, అదే ఆగిపోతుంది."

"నేను ట్రాక్టరు నిలబడి కూడా తోలాను" అన్నాడు బాషా. అద్దాలు తీసుకుని, చూపుకి అడ్డమని నెత్తి మీదికి నెట్టాడు.

సెల్వం అతన్ని కిందికీ మీదికీ చూసి ఇబ్బంది పడి, వద్దని చెప్పబోయి అరవంలోకి జారాడు. "అయిదు... లుంగీ వేండాం సార్."

"వేడా? లుంగీకి వేడేంటయ్యా! గాలి హాయిగా ఆడుతుంది."

సెల్వం ఇంకేదో అనబోయేలోగా పిచ్చయ్య గారి భార్య కోటేశ్వరమ్మ పళ్ళెంతో వచ్చింది. కొత్త బండి ఏదైనా సరే, బొట్టు పెట్టకుండా కదలడానికి ఆమె ఒప్పుకోదు. వెనక చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వేడుక చూడటానికి వచ్చి, వేదిక పక్కన వరసగా నిలబడ్డారు. ఆ వేదిక మీదే ఆమె కుంభకోణం నుంచి తెప్పించుకున్న పెళ్ళి కుర్చీలు రెండూ బంగారు రంగులో మెరుస్తున్నాయి. వాటి మీద ఈగ వాలినా ఆమె ఊరుకోదు.

"ఆ కుర్చీల వైపు మాత్రం రానీకండి అన్నయ్య గారూ" అంటూ ఆమె బ్లేడుకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"అటు చూపు కూడా పోదమ్మా" అని హామీ ఇచ్చి, బాషా బిస్మిల్లా అనుకుని బండెక్కాడు. రెండు లివర్లూ తోశాడు. నిమ్మకాయలు చితికాయి. ట్రాక్టరు అలవాటుతో అతను కాస్త గట్టిగానే తోసినట్టున్నాడు, బండి ఒక్క ఊపున ముందుకు దూకింది.

"నిల్లుంగ! నిల్లుంగ!" అని అరిచాడు సెల్వం. కంగారులో మనిషి నోట సొంత భాషే వస్తుంది. అతను అన్నది ఆగమని.

బాషా ఎలాగో ఆపాడు. కాని హాలు వంటలు చూసే యలమందకు వినపడింది వేరు. "పాపం, ఎక్కడో మద్రాసు నుంచి వచ్చాడు, నోరెండిపోయింది" అని చెంబు నిండా నీళ్ళు తెచ్చి సెల్వం చేతిలో పెట్టాడు. సెల్వం చెంబు వంకా యలమంద వంకా చూసి, మర్యాద కోసం తాగాడు. మళ్ళీ బాషా మలుపు దగ్గర లివరు ఎక్కువ తోశాడు, సెల్వం మళ్ళీ "నిల్లుంగ" అన్నాడు, యలమంద మళ్ళీ చెంబు తెచ్చాడు.

"ఇంత నీళ్ళు తాగే మనిషిని నేను చూళ్ళేదండి" అన్నాడు యలమంద, పిచ్చయ్య గారితో రహస్యంగా.

మూడో సారికి బండి బాషా చేతికి లొంగింది. బ్లేడు షీటు కిందికి దూరింది. ఎన్ని గడ్డపలుగులకూ కదలని షీటు, కర్రుకు చాలు లేచినట్టు లేచి పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు ఆహా అన్నారు. పిచ్చయ్య గారు జేబులోంచి కొత్త సెల్‌ఫోను తీసి, "ఒరేయ్, రా, వచ్చి చూడు! నా హాలు దున్నుతున్నార్రా!" అని ఎవరికో చెప్పారు. బాషా ఛాతీ అంగుళం పొంగింది. చీరాల హాలు అప్పటికే అతని కళ్ళ ముందు తిరుగుతోంది.

షీటు లేచినచోట గచ్చు కనపడింది. గచ్చుతోపాటు, ఆ గరుకు గుంటల్లో ఇన్నేళ్ళుగా షీటు కింద చల్లగా నిద్రపోతున్న మిరప్పొడి కూడా లేచింది.

మొదట ఒక ఆడమనిషి దగ్గింది. తరవాత అందరూ దగ్గారు. గుంటూరు మనుషులకు మిరప ఘాటు కొత్త కాదు గాని, ఇది పాతబడి ముదిరిన ఘాటు. క్షణంలో హాలంతా ఎర్రటి పొగలా కమ్మింది. బాషా కళ్ళు భగ్గుమన్నాయి. అద్దాలు నెత్తి మీదే ఉన్నాయన్న సంగతి ఆ సమయంలో అతనికి గుర్తు రాలేదు. "హాచ్!" అని తుమ్మాడు. తుమ్మినప్పుడు మనిషి ముందుకు వంగుతాడు. చేతుల్లో లివర్లుంటే అవీ ముందుకు వెళ్తాయి. తుమ్ముకొక దూకుడు చొప్పున బండి హాలు మధ్యకు వచ్చింది.

అప్పటిదాకా హాయిగా ఆడిన గాలి లుంగీ అంచును ఎగరేసి కుడి లివరుకు చుట్టింది. బాషా తెలియక అటూ ఇటూ కదిలేసరికి అది ఇంకో చుట్టు తిరిగి బిగిసింది. కుడి లివరు ముందుకే ఉండిపోయింది. బండి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తాళం తిప్పుదామంటే అది లుంగీ ముద్ద కింద పడిపోయింది.

"నిల్లు! నిల్లు! నిల్లు!" అని గొంతు చించుకున్నాడు సెల్వం. తన రెండో నియమం తానే దాటలేక, దూరంగా నిలబడి చేతులు మాత్రం ఊపాడు.

యలమందకు ఈసారి సంగతి స్పష్టంగా అర్థమైంది. మనిషి మూడు సార్లు అరుస్తున్నాడంటే చెంబు చాలదు. హాలంతా పొగ, అంటే ఏదో అంటుకుంది. "వస్తున్నా! నీళ్ళు వస్తున్నాయి!" అంటూ గిన్నెలు కడిగే గొట్టం లాక్కొచ్చి, కళ్ళు మూసుకునే మోటరు వేశాడు. కళ్ళు మూసుకున్నవాడికి గురి ఏముంటుంది? ముందు పిచ్చయ్య గారు తడిశారు. తరవాత సెల్ తడిసింది. ఆ తరవాత నేలంతా తడిసింది.

తడి షీటు మీద చక్రాలు జారాయి. గుండ్రంగా తిరిగే బండి ప్రతి చుట్టుకీ ఇంకాస్త పక్కకు జరుగుతూ వేదిక దిక్కుగా సాగింది. నీళ్ళు కారే కళ్ళను చికిలించి చూస్తే బాషాకు బంగారు కుర్చీలు కనపడ్డాయి. మరుసటి చుట్టుకి బ్లేడు తగిలేది వేదికకే. కుర్చీలు పోతే చీరాల పోయినట్టే. చీరాల పోతే ప్రత్తిపాడు, పత్తి చేను, పాత ట్రాక్టరు.

అప్పుడు గుర్తొచ్చింది నాలుగో నియమం. లేచి నిలబడితే చాలు.

లేవాలంటే లుంగీ వదిలెయ్యాలి. ఎదురుగా కోటేశ్వరమ్మ, ఆమె వెనక వీధి ఆడవాళ్ళంతా. వాళ్ళ ముందు చారల డ్రాయరుతో నిలబడటం కన్నా ఆ బండి కింద పడటం నయమనిపించింది. ఒక అరచుట్టు పాటు పరువూ పనీ అతని బుర్రలో కుమ్ములాడుకున్నాయి. "యా అల్లా" అనుకుని, నడుం దగ్గర ముడి లాగేసి, మొహిద్దీన్ బాషా లేచి నిలబడ్డాడు.

బండి చటుక్కున ఆగింది. బ్లేడుకూ వేదికకూ మధ్య జానెడు మిగిలింది.

ఇప్పుడు నవ్వుతారు, అనుకుని బాషా తల వంచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మెల్లగా తలెత్తి చూశాడు. కోటేశ్వరమ్మ కొంగు మొహానికి అదిమి పట్టుకుని తుమ్ముతోంది. ఆడవాళ్ళందరిదీ అదే వరస. పిచ్చయ్య గారు రెండు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకుంటున్నారు. యలమంద గోడకి నీళ్ళు కొడుతున్నాడు. ఆ హాల్లో ఒక్క కన్ను కూడా తెరిచి లేదు. మిరపకాయకు ఇంత రుణపడతానని బాషా ఏనాడూ అనుకోలేదు. లివరు చుట్టూ ఉన్న లుంగీని గబగబా విప్పి చుట్టుకుని, ముడి మీద ముడి వేశాడు.

నీళ్ళకు ఘాటు అణిగి, ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

"ఆపేశావా?" అన్నారు పిచ్చయ్య గారు, వేదిక తడిమి చూసుకుంటూ. "జానెడు దూరంలో! ఎలా ఆపావయ్యా?"

"అనుభవమండి" అన్నాడు బాషా.

ఇంతలో యలమంద కాలితో షీటు అంచు తన్ని చూశాడు. అది మెత్తగా లేచింది. ఆ కాలంలో అంటించిన జిగురు దేనితో చేశారో ఏమో, నీళ్ళు లోపలికి దిగిన చోటల్లా నానిపోయి వదిలేసింది. సెల్వం వంగి వేలితో గీకి చూసి, తల ఊపి, బండి చక్రాలు తుడవడం మొదలుపెట్టాడు.

"చూశారాండి! పొద్దుట్నించీ ఆయన నీళ్ళు నీళ్ళు అని మొత్తుకుంటూనే ఉన్నాడు. మనకి బుర్ర లేక చెంబులిచ్చాం!" అన్నాడు యలమంద.

"పనితనమంటే అదిరా" అన్నారు పిచ్చయ్య గారు, తడి చొక్కా పిండుకుంటూ.

నేల తుడిచి ఆరబెట్టాక బండి ఎక్కే ముందు, బాషా సెల్వాన్ని పక్కకు పిలిచి, "నీ దగ్గర ఇంకో ప్యాంటుందా?" అని గొణిగాడు. సెల్వం సంచిలోంచి నీలం ప్యాంటు తీసిచ్చాడు. అప్పుడు మాత్రమే బాషా అతని మొహం సరిగ్గా చూశాడు. కళ్ళకు బిగుతుగా పట్టిన అద్దాలు. అద్దాల వెనక కళ్ళు, ఒక్క చుక్క నీరు లేకుండా, తెల్లగా, తేటగా ఉన్నాయి.

"నేను ఏం చూడలేదు సార్" అన్నాడు సెల్వం, చక్కటి తెలుగులో.

ఈసారి షీటు పెనం మీంచి పెసరట్టు లేచినట్టు లేచింది. సాయంత్రానికి గోడ నుంచి గోడ దాకా గచ్చు కనపడింది. పిచ్చయ్య గారు బాషా భుజం తట్టి, పొద్దున్న అతను అనుకున్న మాటే అన్నారు.

"లుంగీలో వెళ్ళి ప్యాంటులో వచ్చారే?" అంది నసీమున్నీసా గుమ్మంలోనే.

"పెద్ద పని వచ్చిందిలే. చీరాల" అన్నాడు బాషా. ఆమె జిడ్డు మరకలతో చిరిగిన పచ్చ గళ్ళ లుంగీని అటూ ఇటూ తిప్పి చూసి, చీరాలకి వేసుకెళ్ళే ప్యాంటు కోసం ఇస్త్రీ పెట్టె వేడి చేసింది.

పై వారం చీరాల హాల్లో సెల్వం మళ్ళీ నియమాలు చెప్పాడు. ఈసారి లుంగీ సంగతి అయిదోది కాదు, మొదటిది. ఆ ఒక్కటి చెప్పేటప్పుడు మాత్రం అతను బాషా వంక చూడకుండా, మర్యాదగా పైకప్పు వంక చూశాడు.