మంత్రిగారు నడిచే దారి

"నా హయాంలో ఏ గని కప్పూ ఒక్క అంగుళం కూడా కిందికి దిగడానికి వీల్లేదు!" అని గనుల మంత్రిగారు ప్రకటించారు. రాళ్లతో ఇంత సూటిగా మాట్లాడిన నాయకుడు ఇంతవరకూ లేడు. ఆ ఆదేశాన్ని బొగ్గుగని గేటుకు అంటించారు. రాళ్లు లోపలుంటాయి కనుక వాటికింకా అందలేదు.

గనిలో అందరూ కప్పు తాత అని పిలిచే ముసలాయన పని, ఇనపకడ్డీతో గని కప్పును తట్టి వినడం. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులు రాయి డొల్లగా పలుకుతుంది. మూడో సొరంగం మూడు నెలలుగా డొల్లగానే పలుకుతోంది. దాని కింద పద్నాలుగు మంది బొగ్గు తవ్వుతారు. అందులో ఒకడు తాత అల్లుడు.

మేనేజరుగారు ఇందుకు ఎంతో బాధపడి, కప్పురాయిని పట్టి ఉంచే బోల్టుల్లో సగం మొదటి సొరంగంలో కొట్టించారు. మిగతా సగం స్టోరులో పెట్టి తాళం వేయించారు.

"మొదటిదాంట్లో రాయి ఉక్కు సార్. బోల్టులెందుకు?" అన్నాడు తాత.

"ఉక్కు కాబట్టేగా ఎల్లుండి మంత్రిగారిని అక్కడికి తీసుకెళ్తున్నాం!"

"మరి మూడోది?"

"ఫైలు కదుల్తోందయ్యా."

"కప్పు కూడా కదుల్తోంది సార్."

మంత్రిగారు నడిచే దారి పొడుగునా గోడల మీద సుద్దతో బాణాలు గీశారు. మలుపు దగ్గర తాత ఒక బాణాన్ని తలగుడ్డతో తుడిచాడు. మూడో సొరంగం వైపు తిప్పి గీశాడు.

తెల్లారి మేనేజరుగారు దాన్ని చూసి కొయ్యబారిపోయారు.

"రూటెవరు మార్చారు?"

"పైనుంచే అయ్యుంటుంది సార్" అన్నాడు లోపలి పనులు చూసే ఓవర్‌మన్.

పైవాళ్లని అడిగితే తమకు తెలియదని వాళ్లకు తెలిసిపోతుంది. కనుక ఎవరూ అడగలేదు. స్టోరు తాళం తీశారు. సాయంత్రానికల్లా మూడో సొరంగం కప్పుకు జిగురు పెట్టి నూట ఇరవై బోల్టులు బిగించారు. తాత తట్టాడు. ఖంగుమంది.

మర్నాడు మంత్రిగారు గని నోటిదాకా విచ్చేశారు. లోపలికి తొంగిచూసి, "చీకటిగా ఉందే!" అని కనిపెట్టారు. పీఏ వెంటనే రాసుకున్నాడు. మంత్రిగారు టెంటు కిందే హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగి, "లోపల వచ్చే నెల చూస్తా" అని కారెక్కారు.

మేనేజరుగారు పరుగున వచ్చారు. "మూడోదాంట్లో బోల్టులు ఊడపీకండి! మంత్రిగారు రేపు పక్క గనికి వెళ్తున్నారట, అక్కడ కొట్టాలి!"

"ఊడవు సార్. జిగురు రాయిని పట్టేసింది" అన్నాడు తాత.

ఆయన తల పట్టుకుని వెళ్లాక అల్లుడు దగ్గరికొచ్చాడు.

"వచ్చే నెల మంత్రిగారు ఏ సొరంగానికొస్తారు మామా?"

తాత కడ్డీ భుజానేసుకుని నాలుగోదాని వైపు నడిచాడు.

"ఉండు అల్లుడూ, తట్టి చూసి చెప్తా."